ఓడలకు పగటి గురుతులు

(సముద్రతీరమందలి యొక పల్లెలో యువజనుల సభయందు చేసిన ప్రసంగము)



ఈ సాయంకాలము మీ యెదుట నిలిచి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరినందులకు కృతజ్ఞులము. సముద్రమునుగూర్చి సముద్రపు బిడ్డలకు చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదని మే మెరుగుదుము. అయినను పత్రికారచయిత కొక వెసులుబాటు గలదు. తాను చదివినది చెప్పును. చదువువలన తెలియరానిది వినువారి యొద్దనే నేర్చుకొనును. ఆ రెండు పనులకును మేము సిద్ధపడియే వచ్చితిమి.

దీపస్తంభమునుగూర్చి మీలో ప్రతిబాలుడును ఎరుగును. కారుచీకటిలో దూరదూరమునకు వెలుగును త్రిప్పుచు, ఒంటికాలిపై నిలిచియుండు ఆ స్తంభమును పొగడని కవి లేడు. కాని పగటివేళ ఓడకు దారి చూపున దేమి యను ప్రశ్న మనలో ననేకులకు తోచనే తోచదు. పగలు సూర్యుడున్నాడు గదా, వేరు గురుతెందులకని యడుగువారును గలరు. సూర్యుడు తీరమును చూపును గాని, అది యే తీరమో చెప్పడు. ఇసుక అంతటను ఇసుకయే. నురుగు అంతటను నురుగే. పదునైదు దినములు ఆకాశమును నీటిని తప్ప వేరొండు చూడని నావికుడు ఒడ్డును కనినంతనే సంతోషించునని మనము తలంతుము. నిజమునకు అతని భయము అప్పుడే ఆరంభమగును. నడిసముద్రమున ఓడను ముంచునది తుపాను మాత్రమే. ఒడ్డు చేరువైనకొలది ఇసుకమేటలును, నీటిక్రింది రాళ్లును, ఏటి మొగలయందలి సుడులును దానికై పొంచియుండును. ఆ సమయమున అతని కన్నులు వెదకునది యొక గురుతు. కొండకొన గాని, తాటితోపు గాని, గుడిశిఖరము గాని, సున్నము పూసిన స్తంభము గాని, ఏదైననేమి, "ఇది ఫలాని చోటు; రేవు దీనికి ఈ దిక్కున నున్నది" అని పలుకకయే పలుకవలయును. దానినే మేము పగటి గురుతు అనుచున్నాము.

అట్టి గురుతునకు నాలుగు గుణములు వలయును. మొదటిది యెత్తు. భూమి గుండ్రముగా నుండుటచే దూరపు వస్తువుల పాదము మనకు కనబడదు. చెట్టుచేమ లేని ఇసుకతీరమును, నీటికి ఇరువదియైదడుగుల యెత్తున ఓడపై నిలిచి చూచువాడు సుమారు ఆరు సముద్రపు మైళ్లలోపునకు వచ్చినగాని కానజాలడు. అదే తీరమున 200 అడుగుల శిఖర మొకటి యున్నచో, గాలి తేటగా నున్న దినమున దాని కొనను ఇరువది మైళ్లకు పైబడిన దూరమునుండియే కనిపెట్టగలడు. ఈ పదునాలుగు పదునైదు మైళ్ల యంతరమే ఓడను త్రిప్పుకొనుటకు అతనికి దొరకు వ్యవధి. రెండవది ఆకారము, పొరుగుదానితో పోలిక కుదరరాదు. మూడవది రంగు; వెనుకనున్న ఆకాశమునుండియు అడవినుండియు వేరై తోపవలయును. నాలుగవది స్థైర్యము. నిన్న నున్నచోట నేడును, నేడున్నచోట మనుమల కాలమునను ఉండవలయును. మొదటి మూడును కట్టినవాని వలన వచ్చును. నాలుగవది మాత్రము తరువాతివారి వలననే సాధ్యమగును.

ఆకారమున పోలిక కలిగినచో నేమగునో ఒరిస్సా తీరమునం దొక యుదాహరణము గలదు. మహానదికి ఉత్తరమున, తాటిచెట్లను చూచి ఐరోపా నావికులు "పామైరాస్" అని పేరిడిన కొన యొకటి యున్నది. హుగ్లీ నదిలోనికి పోవలసిన ఓడలు ఆ కొనను ఆనవాలుపట్టి, దాటి, బాలేశ్వరపు సముద్రమున ఆగి, ఏటిదారి తెలిసిన పైలెట్లను ఎక్కించుకొనెడివి. ఆ కొనకు దక్షిణమున మరియొక కొన గలదు. దక్షిణమునుండి వచ్చు ఓడలవారు దీనినే అదియని భ్రమించుచు వచ్చిరి. అందుచే దీనికి "ఫాల్సు పాయింటు", అనగా అబద్ధపు కొన, అను పేరు పటములందు నిలిచిపోయినది. పాపము, ఆ కొన యేమి యబద్ధమాడినది? తన చోట తా నున్నది. దానికొక ప్రత్యేకమైన ముఖము లేకపోవుటయే దాని నేరము. తుదకు అచ్చట దీపస్తంభము కట్టినగాని ఆ చిక్కు తీరలేదు.

ఇక ఈ ప్రసంగమునకు ప్రాణమైన చోటికి వత్తము. అదే ఒరిస్సా తీరమున పూరియు కోణార్కమును గలవు. అచ్చటి ఒడ్డు పల్లపునేల. నీటి యంచున కొండ యనునది లేదు. అట్టి తీరమున ప్రకృతి చేయని పనిని మనుష్యుడు చేసెను. నేటి శ్రీకాకుళము జిల్లాలో వంశధార యొడ్డున నున్న ముఖలింగము ఒకప్పటి కళింగనగరమని చరిత్రకారుల నిర్ణయము. అచ్చటినుండి రాజ్యమేలిన గాంగులలో అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దమున పూరిలో జగన్నాథుని ప్రస్తుతాలయమును ఎత్తించెను. దాని శిఖరము రమారమి 214 అడుగులు. ఆ వంశమువాడే యగు మొదటి నరసింహదేవుడు 13వ శతాబ్ది నడుమ కోణార్కమున సూర్యునికి అంతకంటెను ఉన్నతమైన దేవళమును నిర్మించెను. ఆ రాజ్యమునకు పండ్రెండేండ్ల రాబడి దానికి వ్యయమైనదని అక్బరు కాలమున అబుల్ ఫజలు వ్రాసియున్నాడు. మన సింహాచలము కోవెల రూపు దిద్దుకొన్నదియు ఆ శతాబ్దముననే, ఆ గాంగుల చేతులలోనే. కావున ఆ శిఖరములు మనకు పరాయివి కావు.

పూరి శిఖరము సున్నపు పూతతో తెల్లగా నుండెడిది. కోణార్కము నల్లనిరాయి చాయతో చీకటి ముద్దవలె తోచెడిది. దక్షిణమునుండి వంగదేశమునకు పోవు ఓడకు మొదట తెల్లనిది, ఆ వెనుక నల్లనిది కనబడును. ఆ రెండును ఒకదానితో నొకటి పొరబడుటకు వీలులేనివి. ఐరోపా నావికులు వానికి "వైట్ పగోడా", "బ్లాక్ పగోడా" అని పేరులిడుకొని పటములందు గుర్తించిరి. ఈ నల్లకోవెల పేరు 1676 నాటికే వారి వ్రాతలయందు కానవచ్చుచున్నది. దేవుని పేరు వారికి వలసినది కాదు, రంగు వలసినది. ఆ నావికుడు చెప్పులు విడిచి గుడి త్రొక్కలేదు. ప్రసాదము చేయి చాచి పుచ్చుకొనలేదు. లోపలనున్న దేవుడెవరో యడుగలేదు. అయినను ఆ శిఖరము "నీ వెవ్వడవు?" అని యతని నడుగక దారి చూపినది. గుడి కట్టించిన రాజు ఓడలకొరకే కట్టించెనని మేము చెప్పము. కాని ధర్మకార్యమునకు గల మహిమయే యది. ఒకరికొరకు తలపెట్టినది పదిమందికి ఉపకరించును.

మరి ఆ నల్లకోవెల యేమైనది? గర్భగుడిపై శిఖరము కాలక్రమమున కూలిపోయెను. 19వ శతాబ్ది ఆరంభమున దానిని కాపాడవలయునని కంపెనీ ప్రభుత్వమును వేడినవారెవరో యెరుగుదురా? భక్తులు కారు, శిల్పశాస్త్రజ్ఞులు కారు. ఓడల వ్యవహారమును చూచు మెరైను బోర్డువారు. అది పోయినచో తీరమున తమవారికి గురుతు పోవునని వారి బాధ. వ్యయము మిక్కుటమని ప్రభుత్వము వెనుదీసి, రాళ్లను తరలింపరాదని మాత్రము ఆజ్ఞాపించెను. ఆజ్ఞ కాగితమున నుండెను. రాళ్లు బండ్లమీద పోవుచుండెను. 1838లో ఏషియాటిక్ సొసైటీవారు మరల మొరపెట్టుకొనవలసివచ్చెను. 1837లో ఫెర్గుసను పండితుడు చూచునాటికి శిఖరమున నొక మూల మాత్రము మొండిగా ఆకాశమున నిలిచియుండెను. 1848లో వచ్చిన గాలివానకు అదియు నేల గూలెను. మిగిలిన ముఖమండపము పడిపోకుండుటకై దాని లోపల నిసుకయు రాళ్లును నింపి 1903లో ద్వారములు మూసివేసిరి. నేడు కోణార్కమును చూచుటకు దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు. 1984లో ప్రపంచ వారసత్వ స్థలములలో దానిని చేర్చిరి. కాని వారు చూచుచున్నది ముఖమండపమును. ఓడవాడు చూచిన శిఖరము లేదు.

అచ్చట నొక కథ చెప్పుదురు. శిఖరాగ్రమున గొప్ప అయస్కాంతశిల యుండెనట; అది ఓడలను ఒడ్డునకు లాగి బద్దలు చేసెడిదట; నావికులు దిగివచ్చి దానిని పెకలించుకొనిపోగా కోవెల కూలెనట. ఏ శిలయు కడలిపైనున్న ఓడను లాగజాలదు. ఓడలు చెడినది మేటల వలనను గాలి వలనను. అయినను ఈ కథలో మేమొక చేదు నిజమును కనుచున్నాము. దారి చూపినవానిమీదనే దారి తప్పించిన నింద మోపుట లోకమున కలవాటు. నూరేండ్లు ఓడలను కాచిన రాయిపై ఓడలను మింగెనను కథ మిగిలినది. అది కాచిన ఓడల లెక్క మాత్రము ఎవ్వరును వ్రాసియుంచలేదు. క్షేమముగా రేవు చేరిన ఓడనుగూర్చి చెప్పుకొనుట కేమున్నది?

ఇప్పుడు మన తీరమునకు రండు. కోణార్కమున శిఖరము లేచుచున్న దినములకు సమీపముననే, కృష్ణకు దక్షిణమున మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో ఒక శిలాశాసనమును నిలిపెను. అది అభయశాసనము. అంతకు పూర్వపు రాజులు, ఒక దేశమునకు బయలుదేరి గాలివాన పాలై మరియొక చోట ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సర్వస్వమును బలిమిచే లాగుకొనెడివారు. ఓడ విరుగుట వర్తకునికి మృత్యువు, ఒడ్డున నున్న దొరకు పండుగ. గణపతిదేవు డా యాచారమును కొట్టివేసి, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు పుచ్చుకొనమని సముద్రవర్తకులకు మాట యిచ్చెను. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1358లో, రెడ్డిరాజైన అనవోతారెడ్డి అదే రేవునకు వచ్చువారికి మరల అభయమిచ్చెను.

ఉత్తరమున నొక శిఖరము, దక్షిణమున నొక శాసనము. మా కీ రెండును ఒకే భాష పలుకుచున్నట్లు తోచును. రెండును ఒడ్డున నున్నవాడు నీటిమీదివానికి ఇచ్చిన మాటయే. "నీవు ఎవ్వడవైనను సరే, నే నిచ్చట నున్నాను, నన్ను నమ్మి రమ్ము" అని ఒకటి ఎత్తు చేతను, ఒకటి అక్షరముల చేతను చెప్పుచున్నది. పగటి గురుతులను మేము రాతికుప్పలుగా నెంచక ఇంతగా చెప్పుటకు కారణ మిదియే. మాట యిచ్చుట కట్టినవాని పని. నిలుపుకొనుట మన పని.

మాట తప్పిన చరిత్రయు కలదు. నాగపట్టణమున రాజరాజచోళుని కాలమున, సుమారు 1006 ప్రాంతమున, సముద్రమునకు ఆవలనున్న శ్రీవిజయరాజు బౌద్ధులకొరకు చూడామణి విహారమును కట్టించెను. శైవుడైన చోళచక్రవర్తి దానికి ఆనైమంగలమను గ్రామమును ధారపోసెను. ఆ విహారముల చోట మూడంతస్తుల యిటుక గోపుర మొకటి 19వ శతాబ్దము వరకును నిలిచియుండెను. కట్టినవారిని మరచిన జనులు దానిని చీనా గోపురమనిరి. ఓడవారికి మాత్రము అది నాగపట్టణపు ఆనవాలు. అమరావతి శిల్పములను త్రవ్వించి మన గుంటూరు సీమలో పేరుపొందిన వాల్టరు ఎలియటు దొర 1846లో దానిని చూచి, తరువాత దాని చరిత్రను వ్రాసిపెట్టెను. దానిని పడగొట్టి ఆ యిటుకలను వాడుకొనుటకు అనుమతి కోరినపుడు, అది ఓడలకు గురుతని చెప్పి అడ్డుపడినవారును లేకపోలేదు. అయినను 1867లో ప్రభుత్వానుమతితోనే అది కూల్చబడెను. కోణార్కమును గాలివాన కూల్చెనని సమాధానపడవచ్చును. దీనిని మనుష్యుడు పగటివేళ, తెలిసియే కూల్చెను. దాని యిటుకల వెల యెంత? ఎనిమిది నూరేండ్లుగా ఆ రేవునకు వచ్చినవారు దానిపై నుంచిన నమ్మకము వెల యెంత? రెండవ లెక్కను వేసినవాడు లేడు.

మన యుత్తరాంధ్ర తీరమునకు భగవంతుడే కొండలను గురుతులుగా నిచ్చెను. విశాఖపట్టణమున సముద్రములోనికి చొచ్చియున్న కొండను ఓడవారు డాల్ఫిను ముక్కు అనిరి. 1933లో తెరచిన రేవునకు పోవు ఓడ నేటికిని ఆ కొన ప్రక్కగానే లోనికి ప్రవేశించును. భీమునిపట్టణపు దారిలో నున్న తొట్లకొండపై బౌద్ధభిక్షువులు రెండువేల యేండ్లనాడు సముద్రమునకు ఎదురుగా స్తూపములు కట్టుకొని వసించిరి. అచ్చటి త్రవ్వకములలో రోము నాణెములు దొరకినవి. ఆ కొండపైని కట్టడములు ఆనాటి కలములవారి కంటికి ఆనియుండునని యూహించుట తప్పుకాదు. విచిత్రమేమనగా, మనము మరచిన ఆ చోటు వెలికివచ్చినది భారత నౌకాదళమువారు ఆకాశమునుండి జరిపిన సర్వేలో. ఒకనాటి ఓడలవారు చూచియుండు చోటును ఈనాటి ఓడలవారే మరల మనకు చూపిరి. ఇక చింతపల్లి యొద్ద, సాంతపిల్లి రాళ్లని పటములందు పేరుపడిన శిలలనుండి భీమునిపట్టణపు ఓడలను కాచుటకు 1847లో దీప మెత్తిరి. కొండయే చాలని చోట మనుష్యుడు తన చేయిని జోడించె నన్నమాట.

కాని మన తీరమున అన్నిటికంటె గొప్ప గురుతుల పుస్తకము ఏ కచేరీలోను లేదు. అది మీ తాతల కన్నులలో నున్నది. ఒకప్పుడు మేము ఒక వృద్ధుని తెప్పపై కొంతదూరము పోయితిమి. ఆయన నీటివంక చూడడు. వెనుదిరిగి ఒడ్డువంకనే చూచుచుండెను. "ఏమి చూచుచున్నావు, తాతా?" అని యడిగితిమి. "ఆ తాటిచెట్టు కొండెక్కాలి బాబూ. అదెక్కి, ఇటుపక్క గుడి ఆ మెట్ట వెనక్కి దాగిందంటే, మన చోటు కొచ్చినట్టే" అనెను. మాకు మొదట వింతగా తోచెను. చెట్టు కొండ నెక్కుట యేమి? తరువాత తెలిసినది. ఒడ్డున నున్న చెట్టును, దాని వెనుకనున్న కొండశిఖరమును ఒకే గీతలోనికి వచ్చినచో తెప్ప ఆ గీతమీద నున్నట్లు. వేరొక దిక్కున గుడియు మెట్టయు ఒకటైనచో రెండవ గీత. రెండు గీతలు కలిసినచోటు ప్రపంచమున ఒక్కటే యుండును. పెద్ద ఓడల కెప్టెనులు పటముమీద పెన్సిలుతో చేయు లెక్కను ఆ వృద్ధుడు అక్షరము లేకయే, మూడు మూరల కొయ్యపై గొంతుకూర్చుండి చేసెను. చేప యుండు రాతిపట్లు, వల చినుగు చోట్లు, ఏటి మొగలోనికి దారి, అన్నియు నిట్టి జంటలతోనే ఆయన మనస్సున వ్రాయబడియున్నవి.

ఇప్పుడవన్నియు నెందులకని మీలో నొకరు మనస్సున ననుకొనుచుందురు. ఉపగ్రహములు గలవు, అరచేతిలోని యంత్రము మన మున్నచోటును అంకెలతో చెప్పును. నిజమే. ఆ యంత్రమును మేము తక్కువ చేయము. అది ప్రాణములను కాపాడినది, కాపాడుచున్నది. దానిని విడువుడని చెప్పువాడు మీకు హితుడు కాడు. కాని యంత్రమునకు విద్యుత్తు వలయును. ఉపగ్రహపు సంకేతమును చెడగొట్టవచ్చును. ఉప్పునీరు దేనినైనను తినివేయును. అందుకే పెద్ద ఓడలమీద నేటికిని, యంత్రమెంత గొప్పదైనను, కంటితో ఒడ్డు గురుతును చూచి సరిపెట్టుకొనుట నేర్పుచున్నారు. చెన్నపట్టణమున 1977 నుండి వెలుగుచున్న దీపస్తంభము ఎఱుపు తెలుపు పట్టెలతో నిలిచినది అలంకారమునకు కాదు. పగలు గురుతుగా నుండుటకు.

మరి గురుతును కాపాడు భారమెవరిది? 2021లో మన పార్లమెంటు నౌకాయాన సహాయములనుగూర్చి క్రొత్త శాసనము చేసి, 1927 నాటి దీపస్తంభముల చట్టమును తొలగించెను. ప్రాత దీపస్తంభములను వారసత్వ నిర్మాణములుగా గుర్తించుటకు అందు వీలు కల్పించిరి. సంతోషము. కాని ఆ తాటిచెట్టు ఏ శాఖవారిది? ఆ మెట్ట యెవరి దస్తరములో గురుతుగా నెక్కినది? కంకరకై కొండను తొలిచినపుడు, మేడ గట్టి గుడిని మరుగుపరచినపుడు, రోడ్డు వెడల్పునకై తాటితోపును నరికినపుడు, ఒడ్డున నున్నవారి యాక్షేపణలను మాత్రమే అడుగుదురు. నీటిమీద నున్నవానిని అడుగువాడు లేడు. కోణార్కము నాటికిని, నాగపట్టణము నాటికిని, నేటికిని ఈ తప్పు మారలేదు.

కావున యువకులారా, మేము మిమ్ము గొప్ప త్యాగములు చేయుడని కోరుటకు రాలేదు. మూడు చిన్నపనులు కోరుచున్నాము. మీ యింట సముద్రమెరిగిన వృద్ధులున్నచో, వారి గురుతుల జంటలను వారి మాటలలోనే ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఏ చెట్టు, ఏ కొండ, ఏ చోటికి, అని. వారు పోయిన పిమ్మట ఆ విద్యను చెప్పగలవారు దొరకరు. రెండవది, మీ పల్లె చుట్టునున్న కొండకు గాని తోపునకు గాని ముప్పు వచ్చినపుడు పంచాయతి సభలో లేచి, "ఇది మా కడలిదారి గురుతు" అని చెప్పుడు. వినకపోవచ్చును, చెప్పకపోయిన దోషము మాత్రము మీకు రాదు. మూడవది, పాఠశాలలోని పిల్లలను సెలవుదినమున ఒక్కసారి పడవలో కూర్చుండబెట్టి తమ యూరిని సముద్రమునుండి చూడనిండు. తన యూరు పరుల కన్నులకెట్లు కనబడునో చూచిన పిల్లవాడు దానిని చెడగొట్టుటకు తొందరపడడు.

మోటుపల్లిలో నేడు పెద్ద ఓడలు లేవు. శాసనము మాత్రము నిలిచియున్నది. కోణార్కమున శిఖరము లేదు. ఓడలు దూరముగా పోవుచునే యున్నవి. మన తీరమున కొండలును, చెట్లును, వానిని చదువగల కన్నులును ఇంకను గలవు. రేపు తెల్లవారకముందే మీలో కొందరు నావలెక్కి పోవుదురు. వెలుగు వచ్చిన పిమ్మట ఒకసారి వెనుదిరిగి చూడుడు. మీకు కనబడు కొండయు, గుడియు, తాటిచెట్టును మీ పూర్వులు మీకు విడిచిన మాటలు. సాయంకాలము మీరు తిరిగివచ్చునప్పటికి అవి తమ చోటనే యుండునట్లు చూచుట ఒడ్డున మిగిలిన మా వంతు. ఆ వంతును మేము మరచినచో, మీరు వచ్చి మమ్ము నిలదీయుడు.

సెలవు.